పూస కట్టిన కొర్రమీనూ, గండంలో పడ్డ ఫెలోషిప్పూ

ఆ కబురు నాకు మొట్టమొదట మోసుకొచ్చింది మా ఆఫీసుకి టీ పోసే ఆయన. పేరు రాయను. ఈ జ్ఞాపకంలో ఎవరి పేరూ రాయకూడదనే అనుకున్నాను. పేరు రాస్తే ఆయన సిగ్గుపడి నాతో మాట్లాడటం మానేస్తాడు, నాకేమో ఆయన కబుర్లు లేకపోతే తోచదు. మా విశ్వవిద్యాలయంలో ఈమెయిలు కంటే టీ ముందు చేరేది. డైరెక్టరుగారి గదిలో కప్పు పెడుతూ విన్న మాట, పరిశోధన విభాగంలో నా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకా పొగలు కక్కుతూనే ఉండేది.

"అమ్మగారూ, మన చేపలమ్మాయికి ఫెలోషిప్పు ఇచ్చే ట్రస్టు మనిషి వస్తున్నాడంటండీ. చేపలు చూపించలేకపోతే ఫెలోషిప్పు ఆపేస్తారంట. అల్లం టీయా అండీ, మామూలుదా?"

అల్లం టీయే తీసుకున్నాను. చెడ్డ కబురుకి అల్లం మంచిది.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుని, పరిశోధనలు చేసుకుంటున్న పిల్లలకి పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. పనికి రాకపోయినా నవ్వుకుంటారు. అదీ లాభమే.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు కొల్లేటి లంక గ్రామాల్లో సువార్తికులు. వానాకాలం వస్తే బడికి దోనె మీద పోవాలి. మా అమ్మకి నీళ్ళంటే భయం. అందుకని కీర్తనల పుస్తకం ముందేసుకుని ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. అంచేత నాకు అచ్చులూ హల్లులూ అన్నీ రాగంలోనే వచ్చాయి. ఇప్పటికీ ఏది చదివినా, ఏది రాసినా, మనసులో ఏది అనుకున్నా నా పెదాలు కదులుతూ ఉంటాయి. ఈ పెదాల సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పని ఉంది.

పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. ఏలూరులో టైపు నేర్చుకున్నాను. దేవుడి దయవల్ల విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. కాపురం తాడేపల్లిగూడెంలో, ఆఫీసు ఏలూరులో, మధ్యలో పాసింజరు రైలు. బడి గుమ్మం ఎక్కని నాకు దేవుడు ఇప్పించిన పని ఏమిటంటే, డాక్టరేటు చేసే పిల్లల కాగితాలు చూడటం. దేవుడికి హాస్యం ఇష్టమని నాకు మొదటి నుంచీ అనుమానం.

మాది బయటి ఫెలోషిప్పుల సీటు. విశ్వవిద్యాలయం తన సంచిలోంచి ఇచ్చేది కొంత ఉంటుంది. అది కాక ఢిల్లీ సంస్థలు, ప్రైవేటు ట్రస్టులు, విదేశాల వాళ్ళు పరిశోధకులకి ఇచ్చేవి ఉంటాయి. ఒక్కో చోట ఒక్కో వయసు పరిమితి, ఒక్కో నమూనా, ఒక్కో రకం మొండితనం. పిల్లలేమో ఆఖరి రోజు సాయంత్రం పరుగెత్తుకొచ్చేవారు. "రాత్రంతా ప్రార్థన చేసుకున్నానండీ, తప్పకుండా వస్తుంది" అనేవారు. "ప్రార్థనకి ఆఖరి తేదీ లేదు నాయనా, పోర్టలుకి ఉంది" అనేదాన్ని. ఇది నవ్వుకి అంటున్నది కాదు. దరఖాస్తు పెట్టే ముందు నెలరోజులైనా చేతిలో ఉంచుకోండి. మీ గైడు సంతకానికి దొరకడమే ఒక పరిశోధన.

చేపలమ్మాయి మాత్రం ఆఖరి రోజున రాలేదు. ముందుగా వచ్చింది. అందుకే నాకు నచ్చింది. ఆ పిల్లది కామవరపుకోట వైపు మెట్ట ఊరు. వాళ్ళ నాన్నగారు మొక్కజొన్న వేస్తారు. బోరుబావిలో నీళ్ళు తప్ప ఇన్ని నీళ్ళు ఒక్కచోట చూసి ఎరగదు. ఈత రాదు. దోనెలో నట్టనడుమ కూర్చుని రెండు అంచులూ బిగబట్టి పట్టుకునేది. అయినా కొర్రమీను అంటే ప్రాణం. వానలు పడి నీరు పొంగినప్పుడు కొల్లేట్లో కొర్రమీనులు ఎటు పోతాయి, ఎంత దూరం పోతాయి, మళ్ళీ తిరిగొస్తాయా అన్నది ఆమె ప్రశ్న.

"దానికేముందమ్మా, వాటినే అడుగు" అన్నాను.

"అదేనండీ చేసేది" అంది. చేపని పట్టుకుని, వీపు మీది రెక్క పక్కన నంబరు ఉన్న చిన్న పసుపు పూస దారంతో కట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. ఆ చేప ఇంకోచోట ఎవరి వలలోనైనా పడితే, పూస చూసి అది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో తెలుస్తుంది. అంతే. దూరాన ఉన్న ఒక ట్రస్టుకి ఈ ఆలోచన బాగా నచ్చింది. మా సూపరింటెండెంటుగారికి మాత్రం నచ్చలేదు.

"పూసలు కొనడం ఏంటండీ? ఫ్యాన్సీ షాపు బిల్లు పెడితే ఆడిట్ ఒప్పుకోదు. రేపు గాజులు కూడా కావాలంటుంది."

"చేపకి చేతులుండవు కదండీ" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, అది నిజమే కాబట్టి, 'మత్స్య గుర్తింపు సామగ్రి' అని రాయించి సంతకం పెట్టారు. ఆయన్ని మీరు తప్పుగా అనుకోవద్దు. రూలు అంటే ఆయనకి ఎంత భయమో మనుషులంటే అంత జాలి. రెండూ ఎదురుపడిన రోజున పాపం ఆయనకి కడుపులో మంట వచ్చేది.

ఫెలోషిప్పు వచ్చింది. కొల్లేట్లో ఒక లంక గ్రామం ఎంచుకున్నాం. ఊరివాళ్ళంతా చేపల మీద బతికేవాళ్ళు. నాకు ఆ నీళ్ళ దారులు చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి, నన్నూ వెంట రమ్మని అమ్మాయి బతిమాలింది. మైకులో చెప్పించాం: పసుపు పూస ఉన్న కొర్రమీను మీ వలలో పడితే ఈ నంబరుకి ఫోన్ చేయండి. ఊరంతా శ్రద్ధగా విని, "అలాగేనండి" అంది. మా వైపు 'అలాగేనండి' అన్న మాటని పూర్తిగా నమ్మకూడదు. అది మర్యాద. ఒప్పుకోలు వేరే ఉంటుంది.

కొన్నాళ్ళకి మొదటి ఫోను వచ్చింది. ఆ ఊళ్ళో అందరూ మామ్మగారు అని పిలిచే ఒక పెద్దావిడ చేయించింది. పరుగెత్తాం. వాళ్ళ ఇంటి ముందు తాటాకు చాప మీద ఒక కొర్రమీను. వలలో చిక్కి రాత్రే చచ్చిపోయిందట. వీపు మీద పసుపు పూస మిలమిలా మెరుస్తోంది. వదిలిన చోటి నుంచి అరమైలు కూడా వెళ్ళలేదు గానీ, అది మొదటి పూస! ఈ పద్ధతి పనిచేస్తుందని తెలిసింది. అమ్మాయి ఆనందం పట్టలేక చాప పక్కన కూలబడి ఏడ్చేసింది. వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. మాది సంతోషానికి కూడా ఏడ్చే వంశం. చెంగు తల మీదికి లాక్కుని, ఆ చేప పక్కనే కళ్ళు మూసుకుని నిలబడి, దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. పైకి ఏమీ అనలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

కళ్ళు తెరిచేసరికి ఊరివాళ్ళంతా చుట్టూ నిశ్శబ్దంగా నిలబడి ఉన్నారు. మగవాళ్ళు తలపాగా తువ్వాళ్ళు తీసి చేత్తో పట్టుకున్నారు. ఎంత భక్తిగల జనం అనుకుని, వాళ్ళ కోసం కూడా ఒక స్తోత్రం చెప్పాను.

ఆ తర్వాత ఒక్క ఫోను రాలేదు.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. అమ్మాయి పూసలు కట్టి వదులుతూనే ఉంది. వెళ్ళినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాం. "ఏమన్నా పడ్డాయా అండీ?" అంటే, "అబ్బే, లేదండీ" అని మొహం పక్కకి తిప్పుకునేవారు. "భోంచేసి వెళ్ళండి" అనేవారు. పెట్టేవారు కూడా. పులుసు, వేపుడు, ఇగురు. అమ్మాయి బరువు పెరిగింది గానీ డేటా పెరగలేదు.

ఎవరి సిద్ధాంతం వాళ్ళది. గైడుగారు గూడబాతుల మీద అనుమానపడ్డారు. ఆ పక్షులు చేపతో పాటు పూస కూడా మింగేస్తున్నాయని ఆయన వాదన. సూపరింటెండెంటుగారు చెరువు గట్ల గొడవల వల్ల అన్నారు. సరస్సు ఆక్రమణల మీద సర్వేలకి వచ్చే అధికారుల మనుషులం అనుకుని ఊరివాళ్ళు నోరు విప్పడంలేదట. టీ ఆయనది మూడో మాట: "కొర్రమీను తెలివైందండీ. పూస దానంతటదే తీసేసుకుని ఉంటుంది."

ఇంతలో ట్రస్టు నుంచి మనిషి వస్తున్నాడన్న కబురు. చేపలు తిరిగి దొరుకుతున్నట్టు రుజువు లేకపోతే మిగిలిన కాలానికి ఫెలోషిప్పు ఉండదు. అమ్మాయి వాళ్ళ నాన్నగారు ముందే చెప్పి పంపారు: ఆ సాయం ఉన్నంత కాలమే చదువు, ఆగిపోతే తణుకులో మేనమామగారు నడిపే కాన్వెంటులో టీచరుగా చేరిపోవాలి.

"చేపల్ని వదిలేసి ఎల్‌కేజీ పిల్లల్ని ఎలా పట్టుకోనండీ?" అని నా బల్ల మీద తల పెట్టుకుంది.

"వాళ్ళకీ పూస కట్టండి పాపగారూ" అన్నాడు టీ ఆయన, ఓదార్పుగా.

నేను నవ్వలేదు. అంటే, ఆయన వెళ్ళాక నవ్వాను.

ఆ రోజు వచ్చింది. ట్రస్టువారి పరిశీలకుడు రిటైరైన శాస్త్రవేత్త. మనవాడే, తెలుగు బాగానే మాట్లాడతాడు, కానీ ఎక్కువ మాట్లాడడు. ఆయనకొక నియమం ఉంది. పరిశీలనకి వెళ్ళిన చోట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. తింటే తీర్పు మెత్తబడుతుందట. తన పెరుగన్నం డబ్బా తానే తెచ్చుకున్నాడు, ముందురోజు బయలుదేరినప్పుడు కలిపిందే. కారులో గైడుగారు, సూపరింటెండెంటుగారు, అమ్మాయి, నేను. దారిలో గైడుగారు నీళ్ళ మీది గూడబాతుల్ని చూపించి, "అవేనండీ మా సమస్య" అన్నారు.

"మేము ఫెలోషిప్పు ఇచ్చింది గూడబాతులకి కాదు కదండీ" అన్నాడాయన. ఆ తర్వాత ఊరు వచ్చేదాకా నా పెదాలు కదులుతూనే ఉన్నాయి.

ఊళ్ళో ఆయన ఒక్కొక్కరినీ అడిగాడు. పూస ఉన్న చేప పడిందా? అబ్బే. చూశారా? అబ్బే. విన్నారా? అబ్బే. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఊరివాళ్ళు ఆ మొహం చూసి ఇంకా గట్టిగా "అబ్బే" అన్నారు. పన్నెండు దాటింది. మామ్మగారు వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"లేవండి బాబూ, భోజనాలకి."

"నేను తినకూడదమ్మా" అన్నాడు పరిశీలకుడు.

"ఉపవాసమా అండీ?"

"కాదు."

"షుగరా?"

"కాదమ్మా, నియమం."

"ఎవరికి మొక్కుకున్నారండీ?"

సూపరింటెండెంటుగారు మధ్యలోకి వచ్చారు. "అది రూలు మామ్మగారూ. వచ్చినవారు తినకూడదు."

"రూలు తినక్కర్లేదండి. ఆయన తింటే చాలు" అంది మామ్మగారు. "మా ఊరొచ్చి ముద్ద ముట్టకుండా వెళ్ళినవాళ్ళు లేరండీ. మొన్న గట్లు కొలవడానికి వచ్చినవాళ్ళ మీద గొంతు పోయేలా అరిచాం. అరిచి, అన్నం పెట్టి పంపాం. వాళ్ళకన్నా తమరేం ఎక్కువ తప్పు చేశారని?"

పరిశీలకుడు తన డబ్బా మూత తీశాడు. ఎండకి ఆ పెరుగన్నం పులిసి పొంగి మూతకి అంటుకుపోయింది. వాసన మా అందరికీ వచ్చింది. మర్యాదకి ఎవరం ముక్కు మూసుకోలేదు. మామ్మగారు ఆ డబ్బా చేతిలోంచి మెల్లగా తీసుకుని, మూత పెట్టి, బాతులున్న వైపు వెళ్ళిపోయింది. తిరిగొచ్చి, "చేతులు కడుక్కోండి బాబూ" అంది. ఆయన లేచి కడుక్కున్నాడు. ఎంత నియమం గల మనిషికైనా ఆకలి అయ్యే వేళ ఒకటి ఉంటుంది. అందుకు కూడా స్తోత్రం.

కొర్రమీను పులుసు. మామిడికాయ వేసి, రాత్రే కాచి ఉంచింది. పరిశీలకుడు మొదటి ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్దకి మొహంలో బిగువు సడలింది. వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి ఒక హాస్యం ఆడాడు.

"కొంపదీసి ఇది ఈ అమ్మాయి పూసలు కట్టిన చేప కాదు కదా మామ్మగారూ?"

మామ్మగారు గరిటె కింద పెట్టేసింది. గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో అయ్యో, ఎంత మాటన్నారండీ! అమ్మాయిగారి చేపని వండుతామా? మనుషులమేనా? పడ్డదాన్ని పడ్డట్టే భద్రంగా వదిలేస్తున్నాం కదండీ!"

ఎవరి ముద్ద వాళ్ళ చేతిలో ఆగిపోయింది.

"ఏ చేప?" అంది అమ్మాయి.

మామ్మగారు నాలుక కరుచుకుంది. వెనక నిలబడ్డ ఒక నడివయసు ఆయన, ఆవిడ కొడుకే, "చెప్పేశావా? మేమంతా నోరు కట్టుకుని చస్తుంటే నువ్వే చెప్పేశావా అమ్మా?" అన్నాడు.

"ఎవరికి చెప్పకూడదు? ఎందుకు చెప్పకూడదు?" అని గైడుగారు అరిచారు.

"ఆ పిల్లకి బాధ కదండీ!" అంది మామ్మగారు, మాకే బుద్ధి లేనట్టు. "మొదటిది చచ్చిపోయినప్పుడు చూశాంగా. ఈ చాప మీదే కూలబడి ఏడ్చింది. కడుపున పుట్టినదానికి ఏడ్చినట్టు ఏడ్చింది. ఆ పాస్టరమ్మగారైతే ముసుగేసుకుని, చేపకి సమాధి ప్రార్థన కూడా చేశారు. మా గుండెలు తరుక్కుపోయాయండి. ఆ రోజే ఊరంతా కూర్చుని అనుకున్నాం. ఇక మీదట పడితే పిల్లకి చెప్పొద్దు, చెప్తే మళ్ళీ ఏడుస్తుంది, దెబ్బ తగలకుండా తీసి వదిలేద్దామని."

అందరూ నా వైపు తిరిగారు. నేను పాస్టరమ్మని కాదు. మా ఆయనకి గూడెంలో సైకిళ్ళ షాపు. కానీ ఆ సంగతి చెప్పే సమయం కాదది.

"అది... కృతజ్ఞతా ప్రార్థనండీ" అన్నాను.

"చచ్చిన చేపకా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"దొరికినందుకండీ!"

"నేను సంతోషంతో ఏడ్చానండీ మామ్మగారూ" అంది అమ్మాయి. ఆ మాట ఊరివాళ్ళు ఎవరూ నమ్మలేదు. మామ్మగారు ఆ పిల్ల తల నిమిరి, "పోనీలేమ్మా, అలాగే అనుకుందాం" అంది.

పరిశీలకుడు మాత్రం తినడం ఆపలేదు. ఇంకొక ముక్క వేయించుకుని, నెమ్మదిగా అడిగాడు. "అయితే చాలా పడ్డాయా?"

"ఆయ్! పడకేమండీ. పేర్లు కూడా పెట్టుకున్నాం. పెద్దోడు, నల్లపిల్ల, జారుడుగాడు... జారుడుగాడు మొన్నటిదాకా మా వైపే ఉన్నాడండి."

"పడ్డచోటే వదిలేసేవారా?"

"అక్కడ వదిలితే మళ్ళీ వలలో పడదాండీ పాపం? దోనెలో వేసుకుని దూరంగా, వలలు లేని చోటికి తీసుకెళ్ళి దింపేవాళ్ళం."

గైడుగారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. ఆ చేతికి పులుసు ఉందన్న ధ్యాస కూడా లేదు. పరిశీలకుడు చేతిలో ముద్ద కింద పెట్టాడు.

"అంటే, ఈ చేపలు ఈదుకుంటూ వెళ్ళాయా, దోనె ఎక్కి వెళ్ళాయా అన్నది ఇప్పుడు చెప్పలేం."

"కొన్ని ఈదాయండి, కొన్ని ఎక్కాయండి" అన్నాడు మామ్మగారి కొడుకు, ఉన్నది ఉన్నట్టు.

రుజువు దొరికినట్టే దొరికి దోనెక్కి వెళ్ళిపోయింది. అమ్మాయి కళ్ళు నిండబోతున్నాయి. ఈసారి అది సంతోషం కాదు. తణుకు కాన్వెంటు ఆమె కళ్ళ ముందు గేటు తెరిచి నిలబడింది. నేను పెదాలు కదపబోయి, ఊరంతా నన్నే చూస్తోందని గుర్తొచ్చి మూసుకున్నాను. జీవితంలో పెదాలు కదపకుండా చేసిన ప్రార్థన అదొక్కటే.

అప్పుడు మామ్మగారు, తన తప్పు కాస్త తగ్గించుకుందామన్నట్టు, గొంతు తగ్గించి అంది. "కావాలంటే పొద్దున పడ్డదాన్ని చూపిస్తానండి. ఇంకా వదల్లేదు. రెక్క గీసుకుపోతే పసుపు రాసి పడుకోబెట్టాను."

పెరట్లోకి పరుగెత్తాం. పరిశీలకుడు ఎంగిలిచేత్తోనే పరుగెత్తాడు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో, కలువాకు నీడలో, ఒళ్ళంతా పసుపుతో పెళ్ళికూతురిలా ఒక పెద్ద కొర్రమీను. మధ్యమధ్య పైకొచ్చి గాలి పీల్చుకుని హాయిగా కిందికి పోతోంది. వీపు మీద పూస.

"దీన్ని ఇంతకు ముందు మీలో ఎవరైనా పట్టారా? దోనె ఎక్కించారా?" అని పరిశీలకుడు అడిగాడు.

ఊరివాళ్ళు డ్రమ్ము చుట్టూ మూగి, బంధువుల ఇంటి పిల్లని చూసినట్టు పరకాయించి చూశారు. "లేదండీ. ఇది కొత్త మొహం. ఉత్తరం నుంచొచ్చే కాలవ వాకట్లో పడింది. దానంతటదే వచ్చిందండి."

అమ్మాయి డ్రమ్ము మీదికి వంగింది. నీళ్ళంటే భయపడే పిల్ల మోచేతుల దాకా ముంచి, చేపని రెండు చేతుల్లోకి తీసుకుని, పసుపు తుడిచి నంబరు చదివింది. ఆ నంబరు ఆమెకి నోటికి వచ్చు. వానలకి ముందు సరస్సు అవతలి ఒడ్డున, అంత దూరాన వదిలిన చేప. వాన నీళ్ళలో కొల్లేరంతా అడ్డంగా ఈదుకుని వచ్చింది. ఆమె ఇన్నాళ్ళూ అడుగుతున్న ప్రశ్నకి అది జవాబు.

చేప చేతుల్లో ఉండగానే భోరుమని ఏడ్చింది.

"అదిగో! చెప్పానా! చెప్పానా చూపించొద్దని!" అని మామ్మగారి కొడుకు నెత్తి కొట్టుకున్నాడు. మగవాళ్ళు గబగబా తువ్వాళ్ళు తీసేశారు. నాకు ఒళ్ళు తెలియలేదు. అలవాటు కొద్దీ చెంగు తల మీదికి వెళ్ళిపోయింది, కళ్ళు మూతపడ్డాయి.

"పాస్టరమ్మగారూ, ప్రార్థన వద్దండీ!" అని మామ్మగారు కేక పెట్టింది. "అది బతికే ఉంది!"

అప్పుడు పరిశీలకుడు నవ్వాడు. నవ్వి నవ్వి డ్రమ్ము అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. సూపరింటెండెంటుగారు నవ్వారు. అంత పెద్దగా నవ్వే మనిషి మా ఆఫీసులో ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కున్నారో నాకు తెలియదు. గైడుగారు పులుసు అంటిన జుట్టుతో నవ్వారు. ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా, వచ్చినవాళ్ళు నవ్వుతున్నారు కదా అని మర్యాద కోసం ఊరంతా నవ్వింది.

సాయంత్రందాకా అక్కడే ఉన్నాం. సంతోషానికి కూడా మనుషులు ఏడుస్తారని నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఏడవరా అని అడిగితే, "అది బాధేగా అండీ" అన్నారు. కొడుకు పరీక్ష పాసైతే ఏడవరా అంటే, "మావాడు పాసవలేదండీ" అన్నారు. చివరికి మామ్మగారే తేల్చింది. "నా మొదటి మనవరాలు పుట్టినప్పుడు నేనూ ఏడ్చాను. అంతేనా అమ్మాయ్?" అంతే అంది అమ్మాయి. అప్పటికి నమ్మారు. నమ్మాక ఒక్కొక్కరూ ముందుకొచ్చి, ఏ చేప ఎక్కడ పడింది, దేన్ని ఎక్కడ దింపారు, అన్నీ ఒకరి మాటకి ఒకరు అడ్డం వస్తూ చెప్పారు. అమ్మాయి చేయి నొప్పి పుట్టేదాకా రాసింది.

ట్రస్టుకి పరిశీలకుడు పంపిన నివేదిక నకలు మాకూ వచ్చింది. ఫెలోషిప్పు కొనసాగించాలి, ఇంకో వానాకాలం కూడా ఇవ్వాలి అని రాశాడు. ఈసారి పడ్డ చేపని పడ్డచోటే ఫొటో తీసి పంపేలా ఊరివాళ్ళకి చెప్పాలన్నాడు. అడుగున, ట్రస్టు వారు ఎలా మింగారో తెలియదు గానీ, ఒక షరతు కూడా పెట్టాడు: చేపల ఎదుట పరిశోధకురాలు ఏడవరాదు.

సూపరింటెండెంటుగారు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. మొహం పాలిపోయింది. "ఈ షరతు పాటించినట్టు రిపోర్టు ఎలా పంపాలండీ? ఎవరు సర్టిఫై చేస్తారు?"

"చేపల చేత సంతకం పెట్టిద్దామండీ" అన్నాడు టీ ఆయన.

చివరికి 'పరిశోధకురాలి ప్రవర్తన సంతృప్తికరం' అని టైపు చేశాను. ఆయన సంతకం పెట్టారు. అబద్ధమేమీ కాదు. ఆ తర్వాత ఫొటో వచ్చినప్పుడల్లా ఆమె ఏడ్చింది గానీ, నా బల్ల దగ్గర ఏడ్చింది. చేపల ఎదుట కాదు.

ఆమె డాక్టరేటు పూర్తి చేసింది. సిద్ధాంత గ్రంథంలో ఒక పట్టిక ఉంది, దాన్ని చూసినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. చేపలు రెండు వరసలుగా ఉంటాయి: స్వయంగా ప్రయాణించినవి, దోనెలో ప్రయాణించినవి. పరీక్షకులు వచ్చి ఆ రెండో వరస ఏమిటని అడిగితే, ఆమె గంభీరంగా "మర్యాద వల్ల వచ్చిన దోషమండీ" అందట.

పిల్లలూ, మీరు బయటి సంస్థలకి దరఖాస్తు పెట్టేటప్పుడు 'స్థానిక ప్రజల సహకారం' అని ఒక గడి ఉంటుంది. అందరూ అందులో ఒక వాక్యం రాసి వదిలేస్తారు. అలా వదలకండి. సహకారం లేక చెడిపోయిన ప్రాజెక్టులు నా బల్ల మీద చాలా చూశాను. సహకారం ఎక్కువై చెడబోయింది ఇదొక్కటే. మీకేం కావాలో ఊరివాళ్ళకి చెప్పడంతో సరిపోదు. అది దొరికిన రోజున మీ మొహం ఎలా ఉంటుందో కూడా ముందే చెప్పి ఉంచండి.

మామ్మగారు ఈ మధ్యనే పోయింది. కబురు టీ ఆయనే తెచ్చాడు, ఇంటికొచ్చి మరీ. ఈసారి టీ సంగతి అడగలేదు. అమ్మాయీ నేనూ వెళ్ళాం. అదే ఇంటి ముందు, అదే చోట. నేను చెంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే మగవాళ్ళు తువ్వాళ్ళు తీసి నిలబడి ఉన్నారు. ఈసారి వాళ్ళు అనుకున్నదే నిజం. అయినా నేను చెప్పుకున్నది మాత్రం కృతజ్ఞతే.

మీకొక మనవి. ఎప్పుడైనా కొల్లేటి వైపు వెళ్ళి ఎవరింట్లోనైనా కొర్రమీను పులుసు ముందు కూర్చుంటే, మొదటి ముద్దకి ముందు ఆ మామ్మగారిని ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు, మామ్మగారంటే చాలు, ఆ నీళ్ళకి తెలుసు. దారిలో వలలో పూస కట్టిన చేప కనబడితే మాత్రం మాకు చెప్పండి. మేము ఏడిస్తే కంగారు పడకండి.